డిస్‌ప్లే ప్యానెల్ వైరింగ్ పేటెంట్ క్లెయిమ్‌ను పరీక్షించడం ఎలా

ఫ్యాన్‌అవుట్ లైన్ల (తెర లైన్లను డ్రైవర్ చిప్ దాకా చేర్చే తీగల) మీదో, ప్యానెల్ అంచు చుట్టూ తిరిగే పవర్ లైన్ మీదో పేటెంట్ అప్లికేషన్ చేతికి రాగానే చాలామంది ఎగ్జామినర్లు నేరుగా పాత డాక్యుమెంట్ల సెర్చ్‌లోకి దిగుతారు. కాసేపటికే ఒకేలా కనిపించే వందల డాక్యుమెంట్లు ముందు పడతాయి, ఏది పనికొస్తుందో తేలదు. ఈ రంగంలో మెటల్ పాతదే, ఇన్సులేటర్ పాతదే, ట్రాన్సిస్టర్ కూడా పాతదే. ఏ లైన్ ఏ లేయర్‌లో ఉంది, ఎటు పోతోంది, దేనికి కనెక్ట్ అయింది, దేని మీదుగా దాటుతోంది అన్న సంబంధాల్లోనే క్లెయిమ్ (అప్లికెంట్ రక్షణ కోరే హద్దును చెప్పే వాక్యం) అంతా ఉంటుంది. వాటిని ముందే విడదీసి రాసుకోకపోతే ఎంత వెతికినా చేతికి చిక్కేది తక్కువ.

ముందు గీయండి

ఒక నమూనా క్లెయిమ్ తీసుకుందాం. డిస్‌ప్లే ఏరియా, దాని చుట్టూ పెరిఫెరల్ ఏరియా ఉన్న సబ్‌స్ట్రేట్. డేటా లైన్లకు కనెక్ట్ అయి పెరిఫెరల్ ఏరియాలో సాగే మొదటి, రెండో ఫ్యాన్‌అవుట్ లైన్లు. మొదటివి మొదటి మెటల్ లేయర్‌లో, రెండోవి ఇన్సులేటర్ పైన ఉన్న రెండో మెటల్ లేయర్‌లో. ఈ రెండు రకాలూ ఒకటి విడిచి ఒకటిగా అమరి ఉంటాయి. మధ్యనున్న లైన్లలో పాములా వంకర్లు తిరిగిన భాగం ఉంటుంది. ఆ భాగం స్థిర వోల్టేజ్ లైన్‌తో ఓవర్‌ల్యాప్ అవుతుంది.

దీనికి రెండు బొమ్మలు కావాలి: పైనుంచి చూసేది ఒకటి, అడ్డంగా కోసి చూసేది ఒకటి. అప్లికెంట్ ఇచ్చిన డ్రాయింగ్ చూడకుండా, క్లెయిమ్‌లోని మాటల నుంచి మాత్రమే గీయండి. డ్రాయింగ్ చూసి గీస్తే క్లెయిమ్‌లో లేని హద్దులు మీ బొమ్మలోకి వచ్చేస్తాయి. ఆ హద్దులతో వెతికితే అసలు క్లెయిమ్‌ను కొట్టగలిగే డాక్యుమెంట్‌ను మీరే పక్కన పెట్టేస్తారు.

కోత బొమ్మ కోసం లేయర్ల వరుస నోటికి వచ్చి ఉండాలి. ఫోన్లలో వాడే ఓఎల్ఈడీ ప్యానెల్‌లో కింది నుంచి పైకి సాధారణంగా ఇలా ఉంటుంది: సబ్‌స్ట్రేట్, బఫర్, సెమీకండక్టర్, గేట్ ఇన్సులేటర్, మొదటి గేట్ మెటల్, మరో ఇన్సులేటర్, కెపాసిటర్ పై ప్లేటుగా పనిచేసే రెండో గేట్ మెటల్, ఇంటర్‌లేయర్ ఇన్సులేటర్, మొదటి సోర్స్-డ్రెయిన్ మెటల్, ప్లానరైజేషన్, రెండో సోర్స్-డ్రెయిన్ మెటల్, మళ్లీ ప్లానరైజేషన్, యానోడ్, పిక్సెల్ డిఫైనింగ్ లేయర్, వెలుగునిచ్చే ఆర్గానిక్ లేయర్లు, క్యాథోడ్, ఎన్‌క్యాప్సులేషన్. అమార్ఫస్ సిలికాన్ ఎల్‌సీడీలో వరుస చిన్నది: గేట్ మెటల్, గేట్ ఇన్సులేటర్, సెమీకండక్టర్, సోర్స్-డ్రెయిన్ మెటల్, పాసివేషన్, ఐటీఓ (పారదర్శక ఎలక్ట్రోడ్). మన క్లెయిమ్‌లోని "మొదటి మెటల్ లేయర్", "రెండో మెటల్ లేయర్" ఈ వరుసలో ఏవైనా కావచ్చు. అప్లికెంట్ మనసులో రెండు గేట్ మెటల్స్ ఉండవచ్చు. అయినా గేట్ మెటల్, సోర్స్-డ్రెయిన్ మెటల్ వాడిన పాత ఎల్‌సీడీ ఫ్యాన్‌అవుట్ కూడా ఈ మాటల కిందికి వస్తుంది.

బొమ్మ అయ్యాక క్లెయిమ్‌ను ముక్కలు చేసి పట్టిక వేయండి. ప్రతి ముక్కకూ నాలుగు గడులు చాలు: లక్షణం ఏమిటి, ఏ లేయర్, దేనితో ఏ సంబంధం, దానివల్ల వచ్చే ఫలితం స్పెసిఫికేషన్‌లో (అప్లికేషన్‌లోని వివరణ భాగంలో) ఏ పేరాలో ఉంది. నాలుగో గడి ఖాళీగా మిగిలిన లక్షణాన్ని గుర్తుపెట్టుకోండి. ఇన్వెంటివ్ స్టెప్ (ఈ రంగంలో పనిచేసేవాళ్లకు సులువుగా తట్టనిదా అన్న పరీక్ష) దగ్గర అది బరువు మోయదు.

లైన్ అక్కడ ఎందుకు ఉందో లెక్క కట్టండి

ఈ పని ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువ. కానీ పరీక్షకు ప్రాణం ఇదే.

1920×1080 ప్యానెల్‌లో ఒక్కో పిక్సెల్‌కు మూడు సబ్‌పిక్సెల్స్ చొప్పున 5,760 డేటా లైన్లు ఉంటాయి. ఇవన్నీ ప్యానెల్ వెడల్పంతా పరుచుకుని వచ్చి, డ్రైవర్ ఐసీ ప్యాడ్ల ఇరుకు వెడల్పులోకి చేరాలి. అంచున ఉన్న లైన్ ఏటవాలుగా చాలా దూరం వస్తుంది, మధ్య లైన్ దాదాపు నిటారుగా దిగుతుంది. నిరోధం తేడా ఇక్కడే పుడుతుంది. లైన్ పొడవును వెడల్పుతో భాగించి, లేయర్ షీట్ నిరోధంతో (ఆ పొరలో ఒక చదరపు ముక్క నిరోధంతో) గుణిస్తే లైన్ నిరోధం వస్తుంది. నమూనాకు షీట్ నిరోధం 0.4 ఓమ్, వెడల్పు 2.5 మైక్రోమీటర్లు అనుకోండి. 2,000 మైక్రోమీటర్ల మధ్య లైన్‌కు 320 ఓమ్‌లు, 6,000 మైక్రోమీటర్ల అంచు లైన్‌కు 960 ఓమ్‌లు. తేడా 640.

ఈ తేడా పోవాలంటే మధ్య లైన్‌ను సన్నబరచాలి, లేదా వంకర్లు తిప్పి పొడవు పెంచాలి. సన్నబరిచి 960కి తేవాలంటే వెడల్పు సుమారు 0.83 మైక్రోమీటర్లకు దిగాలి. డిస్‌ప్లే ఫ్యాక్టరీల్లో మామూలుగా వాడే ఎక్స్‌పోజర్ యంత్రాలు అంత సన్నని గీత తీయలేవు, తీసినా లైన్ తెగుతుంది. అందుకే వంకర్లు. ఈ రంగంలో పనిచేసే ఏ డిజైనర్‌కైనా ఈ రెండు దారులూ, వాటి హద్దులూ తెలుసు. కాబట్టి "వంకర భాగం" ఒక్కదాని మీదే నిలబడ్డ క్లెయిమ్ బలహీనం.

ఇప్పుడు చెప్పిన ఫలితం నిజంగా వస్తుందా అని చూడండి. ఫ్యాన్‌అవుట్ నిరోధం వెనకాల మొత్తం డేటా లైన్ కెపాసిటెన్స్ ఉంటుంది. చిన్న ప్యానెల్‌లో అది 20 పికోఫారడ్‌లు అనుకుంటే, 640 ఓమ్‌ల తేడా తెచ్చే టైమ్ కాన్‌స్టంట్ (నిరోధం, కెపాసిటెన్స్‌ల లబ్ధం) తేడా 12.8 నానోసెకన్లే. 2,400 వరుసలు, 60 హెర్ట్జ్ అయితే ఒక్కో వరుసకు దొరికే సమయం సుమారు 6.9 మైక్రోసెకన్లు. ఆ తేడా దాదాపు కనపడదు. అదే పెద్ద టీవీ ప్యానెల్‌లో తేడా 3 కిలోఓమ్‌లు, కెపాసిటెన్స్ 200 పికోఫారడ్‌లు అనుకోండి: 600 నానోసెకన్లు. 4,320 వరుసలు, 120 హెర్ట్జ్ అయితే వరుస సమయం 1.93 మైక్రోసెకన్లు. వోల్టేజ్ పూర్తిగా నిలదొక్కుకోవడానికి కొన్ని టైమ్ కాన్‌స్టంట్‌లు పడతాయి కాబట్టి ఇక్కడ పిక్సెల్ సరిగ్గా ఛార్జ్ కాదు, తెర మీద మూరా, అంటే వెలుగు సమంగా లేని మచ్చ, కనిపిస్తుంది. ఒకే క్లెయిమ్, ఒకచోట ఫలితం ఉంది, మరోచోట నామమాత్రం. క్లెయిమ్ రెండింటినీ కప్పితే "క్లెయిమ్ పరిధి అంతటా ఈ ఫలితం వస్తుందా" అని అడిగే హక్కు మీకుంది. రాకపోతే సాంకేతిక సమస్యను చిన్నది చేసి మళ్లీ రాయాలి.

ఒకటి విడిచి ఒకటి అమరికకు కారణం వేరు. ఒకే లేయర్‌లో పక్కపక్క లైన్ల మధ్య షార్ట్ కాకుండా ఉండేంత ఖాళీ వదలాలి. రెండు లేయర్లయితే పైనుంచి చూసినప్పుడు ఆ ఖాళీని బాగా తగ్గించవచ్చు, కింది అంచు సన్నబడుతుంది. దీనికి చెల్లించాల్సిన ధర రెండు చోట్ల కనిపిస్తుంది. పక్క లైన్ల మధ్య కప్లింగ్ పెరుగుతుంది. రెండు మెటల్స్ షీట్ నిరోధం వేరైతే సరి, బేసి కాలమ్‌ల వెలుగులో తేడా వచ్చి నిలువు చారలు పడతాయి. డిపెండెంట్ క్లెయిముల్లో (మరో క్లెయిమ్‌కు అదనపు లక్షణాలు చేర్చేవాటిలో) "రెండు లేయర్లూ ఒకే మెటీరియల్", "రెండో రకం లైన్ల వెడల్పు ఎక్కువ" లాంటివి కనిపిస్తే అవి ఈ చారల మందు అని గుర్తుపట్టండి.

మాటల దగ్గర ఆగండి

ఈ క్లెయిముల్లో కొన్ని మాటలు మామూలుగా కనిపిస్తాయి, తగాదా అంతా వాటి దగ్గరే వస్తుంది.

"ఓవర్‌ల్యాప్" అంటే సబ్‌స్ట్రేట్ మీద లంబ ప్రక్షేపాలు కలవడం అని స్పెసిఫికేషన్ చెప్పిందా? చైనా నుంచి వచ్చే అప్లికేషన్లలో ఈ ప్రక్షేపం మాట క్లెయిమ్‌లోనే ఉంటుంది. జపాన్, కొరియా అప్లికేషన్లలో "పైనుంచి చూసినప్పుడు" అని ఉంటుంది. ఏదీ లేకపోతే పక్కగా ఎదురెదురు ఉండటం కూడా ఓవర్‌ల్యాప్ కిందికి రావచ్చు. పూర్తిగానా, కొంతమేరానా అన్నది కూడా చూడాలి. కొంతమేర అని మాత్రమే ఉంటే, ఒక లైన్ మరో లైన్‌ను ఒక్కచోట అడ్డంగా దాటినా సరిపోతుంది. దాటడం లేని ప్యానెల్ ఎక్కడుంది?

"ఒకే లేయర్‌లో" అన్నదానికి మూడు అర్థాలు నడుస్తున్నాయి: ఒకే ఇన్సులేటర్ పైభాగాన్ని తాకి ఉండటం, ఒకే మెటీరియల్, ఒకే ప్యాటర్నింగ్ ప్రక్రియలో రావడం. మూడోది ప్రొడక్ట్ క్లెయిమ్‌లో ఉంటే, ఆ ప్రక్రియ వల్ల చివరి వస్తువులో ఏం మారుతుందో చూడండి. ఏమీ మారకపోతే ప్రయర్ ఆర్ట్‌లో (అప్లికేషన్‌కు ముందే బయట ఉన్న డాక్యుమెంట్లలో) ప్రక్రియ వేరైనా పట్టింపు లేదు.

"ఎలక్ట్రికల్‌గా కనెక్ట్" అంటే మధ్యలో కాంటాక్ట్ హోల్ ఉండొచ్చు, బ్రిడ్జ్ మెటల్ ఉండొచ్చు, డీమక్స్ (ఒక సిగ్నల్‌ను పలు లైన్లకు పంచే) ట్రాన్సిస్టర్ ఉండొచ్చు. "నేరుగా కనెక్ట్" అంటే అది కాదు. "పక్కపక్కన" అంటే మధ్యలో అదే రకం మరో లైన్ లేదనా, అసలు ఏ లైనూ లేదనా? ఫ్లోటింగ్ (దేనికీ కనెక్ట్ కాని) డమ్మీ లైన్ మధ్యలో ఉంటే ఏమవుతుంది? "మొదటి దిశలో సాగే" అన్న మాట వంకర్లు తిరిగిన లైన్‌కు వర్తిస్తుందా? ఇలాంటి ప్రశ్నలకు స్పెసిఫికేషన్‌లో జవాబు దొరకకపోతే విశాలమైన అర్థమే పట్టుకుని ముందుకు సాగండి, ఆ అర్థం పట్టుకున్నానని రిపోర్టులో రాయండి. అలా రాస్తే అప్లికెంట్ జవాబు సూటిగా వస్తుంది, ఒక రౌండ్ మిగులుతుంది.

సెర్చ్

పేటెంట్లను విషయం వారీగా కోడ్‌లతో విభజించే క్లాసిఫికేషన్ ఈ మధ్య రెండుసార్లు కదిలింది, పాత అలవాటుతో వెతికితే సగం జారిపోతుంది. ఓఎల్ఈడీ వైరింగ్ ఒకప్పుడు హెచ్01ఎల్ 27/3276లో ఉండేది. 2023లో హెచ్10కె వచ్చాక హెచ్10కె 59/131కి మారింది, నిరోధం తగ్గించే నిర్మాణాలు 59/1315లో ఉన్నాయి. టీఎఫ్‌టీ (థిన్ ఫిల్మ్ ట్రాన్సిస్టర్) సబ్‌స్ట్రేట్ మీది వైరింగ్ లేయర్ల లేఅవుట్ హెచ్01ఎల్ 27/124లో ఉండేది. 2025లో హెచ్10డి వచ్చి అది హెచ్10డి 86/441 వైపు వెళ్లింది. ఎల్‌సీడీకి జి02ఎఫ్ 1/1345, దాని కింద డ్రైవర్ కనెక్షన్లకు 1/13452. యాక్టివ్ మ్యాట్రిక్స్ లైన్లకు 1/136286. డ్రైవింగ్ వైపు నుంచి చూస్తే జి09జి 2300/0426 ఎలక్ట్రోడ్లు, కనెక్షన్ల లేఅవుట్‌కు. 2320/0223 ఆర్‌సీ డిలే సరిదిద్దడానికి. టచ్ సెన్సర్ రౌటింగ్ లైన్లయితే జి06ఎఫ్ 3/04164. జపాన్ డాక్యుమెంట్లకు ఎఫ్-టర్మ్‌లు (జపాన్ సొంత క్లాసిఫికేషన్ కోడ్‌లు) వాడండి: 2హెచ్092, 3కె107, 5సి094.

ఓఎల్ఈడీ అప్లికేషన్‌కు ఓఎల్ఈడీ క్లాస్‌లోనే వెతికి ఆపేయడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు. ఫ్యాన్‌అవుట్, ప్యాడ్, స్టాటిక్ రక్షణ, షార్టింగ్ బార్, గేట్ డ్రైవర్ క్లాక్ లైన్ల సమస్యలన్నీ ఎల్‌సీడీలో ఏళ్ల ముందే వచ్చాయి, అక్కడే పరిష్కారాలు పేరుకుపోయి ఉన్నాయి. తిరగేసి చెప్పాలంటే, కొన్ని సమస్యలు ఓఎల్ఈడీకే చెందుతాయి: పవర్ లైన్‌లో వోల్టేజ్ పడిపోవడం, డ్యామ్ గోడల (ఎన్‌క్యాప్సులేషన్ బయటికి పారకుండా ఆపే గట్ల) పక్కన మెటల్ అవశేషాలు మిగిలి షార్ట్ కావడం, వంగే భాగంలో లైన్ చిట్లడం. టైటానియం-అల్యూమినియం-టైటానియం లైన్ పక్కభాగం బయటపడి ఉంటే, యానోడ్ ఎచింగ్‌లో కరిగిన వెండి ఆ అల్యూమినియం మీద చేరి రేణువులై, అవి పిక్సెల్స్‌లోకి పోయి నల్ల చుక్కలవుతాయి. లైన్ అంచును ఆర్గానిక్ ఇన్సులేటర్‌తో కప్పాలనే క్లెయిములు దీనికోసమే. వీటికి ఎల్‌సీడీలో వెతకడం కాలయాపన.

కీవర్డులు ఎప్పుడూ లక్షణం, ఫలితం జంటగా వేయండి. "వంకర" ఒక్కటే వేస్తే సముద్రం; దానికి నిరోధం సమానం చేయడం, మూరా, సన్నని అంచు జత చేస్తే సంఖ్య లొంగుతుంది. లైన్‌కు ఒక్కో డాక్యుమెంట్ ఒక్కో పేరు పెడుతుంది: ఫ్యాన్‌అవుట్ లైన్, లీడ్ లైన్, లింక్ లైన్, రౌటింగ్ లైన్, కనెక్షన్ లైన్, ట్రేస్. ఆరూ వేయాలి. యంత్రానువాదంలో పేరు తారుమారై ఉంటుంది కాబట్టి చివరికి డ్రాయింగ్‌ల మీదే ఆధారపడాలి. క్లాస్, తేదీ, ఒక కీవర్డుతో సంఖ్యను కొన్ని వందలకు తెచ్చి, తర్వాత బొమ్మలు మాత్రమే తిప్పండి. మీరు గీసుకున్న రెండు బొమ్మలు పక్కన ఉంటే ఒక్కో డాక్యుమెంట్‌కు కొన్ని సెకన్లు చాలు.

ప్రయర్ ఆర్ట్ డ్రాయింగ్‌ను చదవడం

మన నమూనాకు ఒక దగ్గరి డాక్యుమెంట్ దొరికిందనుకోండి. రెండు లేయర్లు, ఒకటి విడిచి ఒకటి, వంకర భాగం ఉన్నాయి. ఓవర్‌ల్యాప్ ప్రస్తావన పాఠంలో లేదు. వెంటనే దాన్ని "తేడా"గా రాసేయకండి. ఆ డాక్యుమెంట్‌లో పవర్ లైన్ ఎటు పోతోందో మొత్తం ప్యానెల్ చూపించే మొదటి బొమ్మలో చూడండి. ఫోన్ ప్యానెళ్లలో వెడల్పాటి పవర్ లైన్ సోర్స్-డ్రెయిన్ మెటల్‌లో ఉండి, కింద గేట్ మెటల్‌లో ఉన్న ఫ్యాన్‌అవుట్ మీదుగా అడ్డంగా సాగడం మామూలే. బొమ్మలో ఆ పట్టీ వంకర భాగం మీద పడుతుంటే ఓవర్‌ల్యాప్ అక్కడే ఉంది, పేరు పెట్టకపోయినా. కోత బొమ్మలో మధ్య ఇన్సులేటర్ కనిపిస్తే ఇంకా గట్టి. అయితే మొదటి బొమ్మ, కోత బొమ్మ ఒకే ఎంబాడిమెంట్‌కు (డాక్యుమెంట్ చూపిన ఒక్కో అమలు రూపానికి) చెందినవేనా అని తప్పక చూసుకోండి. వేర్వేరు ఎంబాడిమెంట్ల ముక్కలు అతికించి నావెల్టీ (కొత్తదనం) లేదనడం నిలబడదు.

డ్రాయింగ్‌లో ఆకారం, వరుస, కనెక్షన్ నమ్మవచ్చు. స్కేలు పెట్టి కొలవకూడదు. స్కేల్ ప్రకారం గీశామని చెప్పని బొమ్మ నుంచి కొలతలు లాగలేమని అమెరికాలో 2000 నాటి హాకర్సన్-హాల్బర్‌స్టాట్ తీర్పు చెప్పింది. రేఖాచిత్రాన్ని కొలిచి రాబట్టిన కొలతలు డిస్‌క్లోజర్ కావని యూరోపియన్ పేటెంట్ ఆఫీస్ అప్పీల్ బోర్డు టి 204/83లో చెప్పింది. క్లెయిమ్‌లో "ఖాళీ 1.5 మైక్రోమీటర్లకు తక్కువ" అని ఉంటే బొమ్మ సాయం రాదు, పాఠంలో అంకె కావాలి.

కలపడం, కలపకపోవడం

పవర్ లైన్ వంకర భాగాన్ని తాకకుండా పక్కగా పోతే, ఓవర్‌ల్యాప్ నిజమైన తేడా అవుతుంది. రెండో డాక్యుమెంట్ కావాలి. కెమెరా రంధ్రం లేదా నాచ్ ఉన్న ప్యానెళ్లలో, ఆ వరుసల్లో పిక్సెల్స్ తక్కువై గేట్ లైన్ లోడ్ తగ్గుతుంది. స్థిర వోల్టేజ్ లైన్‌తో ఓవర్‌ల్యాప్ చేసి డమ్మీ కెపాసిటెన్స్ కలిపే పద్ధతి అక్కడ బాగా తెలిసినదే. అది గేట్ లైన్, ఇది డేటా లైన్ అని అప్లికెంట్ వాదిస్తారు. మీ జవాబు భౌతికంలో ఉండాలి: డిలేను పెంచేది నిరోధం, కెపాసిటెన్స్ రెండూ, వంకర్లతో మాత్రమే పెంచితే అంచులో చోటు తింటుంది, కెపాసిటెన్స్ జోడిస్తే తక్కువ వంకర్లతో సరిపోతుంది. చోటు తగ్గించాలన్న కోరిక మొదటి డాక్యుమెంట్‌లోనే రాసి ఉంటే ఆ పేరా నంబర్ ఇవ్వండి. డిజైనర్ ఈ రెండిటినీ కలపగలిగేవాడు అన్నది చాలదు, కలిపి ఉండేవాడు అనడానికి కారణం కావాలి. యూరప్‌లో టి 2/83 నుంచి వస్తున్న గీటురాయి ఇదే.

లైన్‌ను ఈ లేయర్ నుంచి ఆ లేయర్‌కు మార్చడం "భాగాల స్థానం మార్పు" మాత్రమే అని ఒక్క వాక్యంతో తోసేయాలనిపిస్తుంది. అమెరికాలో 1950 నాటి జాపిక్సే తీర్పును ఇందుకు ఎత్తిచూపుతారు. కానీ లేయర్ మారితే షీట్ నిరోధం మారుతుంది, కింది లైన్‌తో దూరం మారుతుంది, కాంటాక్ట్ హోల్ సంఖ్య మారుతుంది. పనితీరు మారినప్పుడు ఆ తీర్పు వర్తించదు. వెడల్పు, ఖాళీ లాంటి అంకెల విషయంలో మీరు బలంగా ఉంటారు, ఎందుకంటే వెడల్పు నిరోధాన్ని శాసిస్తుందని అందరికీ తెలుసు. అప్లికెంట్ ఆ అంకె దగ్గర అనుకోని ఫలితం చూపిస్తే మాత్రం దాన్ని నిజాయితీగా తూచాలి.

అదే అప్లికెంట్ పాత అప్లికేషన్లు

ప్యానెల్ కంపెనీలు ఒకే డిజైన్ నుంచి కొద్ది తేడాలతో ఎన్నో అప్లికేషన్లు వేస్తాయి. మీ అప్లికేషన్ కంటే ముందు ఫైలై తర్వాత ప్రచురితమైనవి వాటిలో ఉంటాయి, ఎందుకంటే మామూలుగా ప్రచురణకు 18 నెలలు పడుతుంది. వీటిని వాడే తీరు దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో నావెల్టీకి మాత్రమే. అమెరికాలో ఇన్వెంటివ్ స్టెప్‌కూ పనికొస్తాయి, ఉమ్మడి యాజమాన్యపు మినహాయింపు లేకపోతే. జపాన్‌లో ఇన్వెంటర్లు లేదా అప్లికెంట్ ఒకరే అయితే ముందు అప్లికేషన్‌ను అడ్డుగా చూపే నిబంధన వర్తించదు. చైనాలో అప్లికెంట్ సొంత అప్లికేషన్ కూడా నావెల్టీకి అడ్డొస్తుంది. పీసీటీ (అంతర్జాతీయ పేటెంట్ ఒప్పందం) సెర్చ్ రిపోర్టులో ఇలాంటివి "ఈ" (E) గుర్తుతో వస్తాయి. ప్రయారిటీ తేదీకి (ఆధారంగా చూపే మొదటి అప్లికేషన్ తేదీకి), ఫైలింగ్ తేదీకి మధ్య ప్రచురితమైనవి "పి" (P). "పి" కనపడగానే ప్రయారిటీ డాక్యుమెంట్ తెరిచి, ఆ ఓవర్‌ల్యాప్ లక్షణం నిజంగా అందులో ఉందా అని చూడండి. తర్వాత చేర్చినదైతే ప్రయారిటీ పోతుంది, ఆ డాక్యుమెంట్ పూర్తి ప్రయర్ ఆర్ట్ అవుతుంది.

యూనిటీ (ఒక అప్లికేషన్‌లో ఒకే ఆవిష్కరణ ఉండాలన్న నియమం) గురించి ఒక్క మాట. మొదటి క్లెయిమ్ నావెల్టీ పోతే దాని కింద డిపెండెంట్ క్లెయిములు విడిపోతాయి: ఒక గుంపు వంకర ఆకారం, ఒక గుంపు షీల్డ్ లైన్, ఒక గుంపు క్రాక్ డిటెక్షన్ లైన్. పీసీటీ రూల్ 13 ప్రకారం ఉమ్మడి ప్రత్యేక లక్షణం మిగలనప్పుడు అభ్యంతరం పెట్టవచ్చు. అయితే అదే సెర్చ్‌లో అన్నీ దొరికితే పెట్టకపోవడమే మేలు.

సవరణ వచ్చాక

రిపోర్టుకు జవాబుగా అప్లికెంట్ సాధారణంగా డ్రాయింగ్ నుంచి ఒక లక్షణం తీసి క్లెయిమ్‌లో పెడతారు. ఉదాహరణకు, "వంకర భాగంలోని ప్రతి మలుపూ స్థిర వోల్టేజ్ లైన్ అంచుల లోపలే ఉంటుంది". బొమ్మలో అలాగే కనిపించవచ్చు. రెండు ప్రశ్నలు వేయండి. ఆ బొమ్మలోని లైన్లన్నిటికీ ఇది నిజమా, లేక కనిపించే రెండు మూడు లైన్లకేనా? బొమ్మలో ఆ లక్షణం మరో లక్షణంతో, ఉదాహరణకు వంకర భాగం రెండో మెటల్‌లో మాత్రమే ఉండటంతో, ముడిపడి ఉందా? ముడిపడి ఉన్నదాన్ని విడదీసి ఒక్కటే తెస్తే అది మొదటి డిస్‌క్లోజర్‌ను దాటిన విస్తరణ, యూరప్‌లో యూరోపియన్ పేటెంట్ కన్వెన్షన్ ఆర్టికల్ 123(2) దగ్గర పడిపోతుంది. ఇక్కడ మళ్లీ మొదట వేసిన పట్టిక తీయండి. కొత్త లక్షణానికి నాలుగో గడి నింపండి. మలుపులన్నీ లోపలే ఉండటం వల్ల ఒక్కో లైన్‌కు కలిసే కెపాసిటెన్స్, అలైన్‌మెంట్ కొద్దిగా జరిగినా మారదని స్పెసిఫికేషన్‌లో ఎక్కడైనా ఉంటే ఆ సవరణను మళ్లీ సెర్చ్ చేయాల్సిందే. అలా లేకపోతే మొదటి రిపోర్టులోని డాక్యుమెంట్లతోనే పని జరుగుతుంది, పవర్ లైన్ వెడల్పును డిజైనర్ ఎంత పెట్టుకుంటాడన్న ప్రశ్నగా.